చిలకను ఎగరేసిందెవరు

పెళ్లయిన మూడో నెలకల్లా నాకు ఆముదం వాసన ఇష్టమైపోయింది. మా ఆయన చొక్కాలకు అదే వాసన, తలగడ గలీబులకు అదే, ఆదివారం సాయంత్రం స్కూటరు హ్యాండిల్‌కూ అదే. ఆముదం, కిరోసిన్, ఈథర్ కలిపి సీసాలో పోసి గిలకొడితే ఆ బుల్లి విమానాలకు ఇంధనం తయారవుతుంది. వంటింట్లో నా పోపుడబ్బా పక్కనే ఆ సీసాకు ఒక చోటు ఇచ్చాను. కాకినాడలో మా అమ్మకు ఫోన్‌లో చెబితే, "ఆముదమేమిటే, ఎవరికి బాగాలేదు?" అని కంగారుపడింది. నేను నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేశాను.

మేం పేట్ బషీరాబాద్‌లో కొత్తగా వేసిన కాలనీలో ఉండేవాళ్లం. సుధీర్ మేడ్చల్‌లో ఒక మందుల కంపెనీలో కెమిస్టు. వాళ్లది గుంటూరు వైపు, కానీ మామగారి ఉద్యోగం వల్ల మేడ్చల్‌లోనే పెరిగాడు. కాలేజీ రోజుల్నుంచీ విమానాల క్లబ్బులో సభ్యుడు. ప్రతి ఆదివారం శామీర్‌పేట అవతల ఒక బీడు భూమిలో ఎగరేసేవాళ్లు. రెండు సన్నటి ఉక్కు తీగలు విమానం రెక్కలోంచి వచ్చి, ఎగరేసే మనిషి చేతిలోని పిడికి తగులుతాయి. మనిషి నడుమ నిలబడి తిరుగుతుంటే విమానం చుట్టూ తిరుగుతుంది. మణికట్టు పైకి వంచితే పైకి, కిందికి వంచితే కిందికి. అంతే సంగతి. మొదటిసారి చూసినప్పుడు నేను చప్పట్లు కొట్టాను, ఎవరూ కొట్టరని తెలియక.

ఎగరేసే ముందు సుధీర్ ఆ తీగల్ని మూడుసార్లు చూసుకునేవాడు. తోక రెక్క పైకి లేస్తుందా, కిందికి వాలుతుందా అని పిడిని ఆడించి ఒకసారి, వెళ్లి వేలితో ముట్టుకుని ఒకసారి, వెనక్కి వచ్చి మళ్లీ ఒకసారి. ఇంట్లో గ్యాసు కూడా అలాగే మూడుసార్లు కట్టేవాడు. ఇంత జాగ్రత్త మనిషి నాకు దొరికాడని పొంగిపోయేదాన్ని.

2004 సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం వీరభద్రం గారు ఫోన్ చేశారు. ఆయన రిటైరైన ఇంజనీరు, క్లబ్బుకు ఇరవై ఏళ్లుగా సెక్రెటరీ. "రేపు పది గంటలకు టీవీలో పాత మోడల్ విమానాన్ని బాగుచేయడం చూపిస్తారట. మీ ఇంట్లో వీసీఆర్ ఉంది కదా, రికార్డు చెయ్యాలి. క్యాసెట్టు నేనే తెస్తా" అన్నారు. వీసీఆర్ మా మావయ్య పెళ్లికిచ్చిన బహుమతి. దాని ఉపయోగం తేలినందుకు నాకు సంతోషం వేసింది. పొద్దున్నే లేచి పెసరట్లకు పప్పు రుబ్బాను.

పదింటికి వీరభద్రం గారు, ఆయన వెనక బాలేష్ వచ్చారు. బాలేష్‌కు మేడ్చల్‌లో తలుపులు, కిటికీలు చేసే కార్ఖానా ఉంది. కట్టెను వాసన చూసి ఏ చెట్టుదో చెబుతానంటాడు.

టీవీలో మొదట ఒక ఇరుకు వరండా కనిపించింది. యాప్రాల్ అని యాంకర్ చెప్పింది. తర్వాత బల్ల మీద ఒక విమానం. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు, జానెడు జానెడు రెక్కలు.

"చిలక," అన్నారు వీరభద్రం గారు. పెసరట్టు ముక్క చేతిలోనే ఉండిపోయింది.

బల్ల వెనక కూర్చున్న ముసలాయన మొహం చూపించారు. తెల్ల మీసాలు, చెవి మీద పెన్సిలు.

"సిద్దయ్య గదా," అన్నాడు బాలేష్. "అరె, సిద్దయ్యనే."

సుధీర్ పళ్లెం కింద పెట్టేశాడు.

నాకు అర్థం కావాలని వీరభద్రం గారే చెప్పారు. చిలకను 1964లో క్లబ్బు పెట్టిన మొగులయ్య మాస్టారు తన చేతులతో చేశారు. ఆయన పోయాక దాన్ని ఎవరూ ఎగరేయకూడదని తీర్మానం చేసి, శామీర్‌పేటలోని రేకుల షెడ్డులో గోడకు మేకు కొట్టి వేలాడదీశారు. సిద్దయ్య క్లబ్బులో వడ్రంగి పనీ కాపలా పనీ చేసేవాడు. షెడ్డు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. 1993లో ఒక రోజు చూస్తే మేకు ఉంది, చిలక లేదు. సిద్దయ్యను రావద్దన్నారు.

"పదకొండేళ్ల తర్వాత టీవీలో తేలాడు," అన్నారాయన. "అమ్మాయ్, ఎంత ధైర్యమో చూశావా?"

ఈ మాటల్లోనే కార్యక్రమం అయిపోయింది. క్యాసెట్టు వెనక్కి తిప్పించి ఇద్దరూ టీవీకి అతుక్కుపోయారు. వీరభద్రం గారు జేబులోంచి భూతద్దం తీశారు. బాలేష్ రిమోట్ తీసుకున్నాడు.

"ఆపు, అక్కడ ఆపు. రెక్క చూడు. మాస్టారి పనితనమే అది."

"ఏడ మాస్టారి పనితనం సార్? గీ కట్టె చూడుండ్రి, పాల లెక్క తెల్లగుంది. నలభై ఏండ్ల బల్సా గిట్లుంటదా? బెల్లం రంగు రావాలె. గిది కొత్త కట్టె. డూప్లికేట్."

"అయితే ఇంజను?"

"ఇంజను ఏ పాత సామాన్లోడి కాడనన్న దొరుకుతది."

"కాదోయ్ బాలేషూ, మనదే. మన దగ్గర ఎత్తుకెళ్లిందే."

"సార్, మీరొకటి తేల్చుకోవాలె. దొంగతనమా, మోసమా? రెండూ ఒక్కసారి ఎట్లయితది?"

"మనదైతే దొంగతనం, మనది కాకపోతే మోసం. ఎటు చూసినా కేసే," అన్నారు వీరభద్రం గారు తృప్తిగా.

నేను నవ్వాను. సుధీర్ నవ్వలేదు. లేచి టీవీ దగ్గరకు వెళ్లి, "మీరు మాట్లాడుకోండి సార్" అని దాని గొంతు తగ్గించాడు. సిద్దయ్య ఏదో చెబుతూనే ఉన్నాడు, చేతులు తిప్పుతూ. వీళ్లకు ఆయన మాటలతో పని లేదు. బాలేష్ చక్రాల దగ్గర బొమ్మ ఆపాడు.

"సూడు చెల్లె, నీ కండ్లు సన్నగ పనిజేస్తయి. రెండు చక్రాలు ఒక్కతీరుగ ఉన్నయా?"

దగ్గరికి వెళ్లి చూశాను. ఒక చక్రం నల్లగా, అంచులు అరిగి ఉంది. రెండోది నున్నగా, కొత్తగా ఉంది.

"లేవన్నయ్యా. ఒకటి కొత్తది."

"చూసిన్రా. దొంగతనం జేసినోడు చక్రం ఎందుకు మారుస్తడు? ముక్కలు ముక్కలు తెచ్చి అతికిచ్చిండు. మోసమే."

వాళ్లు ఆ చక్రం మీద అరగంట వాదించుకున్నారు. పెసరట్లు చల్లారిపోయాయి. వెళ్లేటప్పుడు వీరభద్రం గారు గడపలో నిలబడి, "పోలీస్ స్టేషన్‌కు కాగితం రాస్తాను. వచ్చే ఆదివారం గ్రౌండ్‌లో ముగ్గురం సంతకాలు పెట్టి ఇచ్చేద్దాం. ఈలోగా కమిటీలో మిగతావాళ్లకు చూపించాలి, క్యాసెట్టు జాగ్రత్త" అన్నారు.

మంగళవారం సాయంత్రం నేను వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. సుధీర్ ఎత్తాడు. "అయ్యో, సారీ సార్. దివ్య చూసుకోలేదు. దాని మీద సీరియల్ రికార్డు చేసేసింది. అవునవును, మొత్తం పోయింది."

నేను సీరియళ్లు చూడను. ఆ వీసీఆర్‌లో రికార్డు ఎలా చేయాలో కూడా నాకు రాదు.

బయటికి వచ్చి నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, "ముసలాయన గొడవ భరించలేక అలా అన్నాన్లే, ఏమనుకోకు" అని నా చేతిలోంచి బెండకాయ ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. పచ్చి బెండకాయ. జిగురు ఆయనకు గిట్టదు. ఆ సంగతి గుర్తులేనట్టు నమిలాడు.

మొదట నవ్వే వచ్చింది. నా పేరు మీద మా ఆయన ఆడిన మొదటి అబద్ధం అని చెల్లెలికి ఉత్తరం రాద్దామనుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఆ వాక్యం వేరేగా వినిపించింది. అంత సులువుగా వచ్చిందేమిటి ఆ అబద్ధం? తడుముకోలేదు, గొంతు మారలేదు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?

మర్నాడు ఆయన కంపెనీకి వెళ్లగానే ఇల్లు వెతికాను. అబద్ధమెందుకు, ఆ పనిలో నాకు హుషారుగానే ఉంది. పాత కథల పుస్తకాల్లో డిటెక్టివ్‌లాగా చీర కొంగు బొడ్లో దోపుకుని అటక ఎక్కాను, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను. చివరికి మంచం కింద బల్సా రేకులు పెట్టుకునే అట్టపెట్టెలో, అన్నిటికన్నా అడుగున, రెక్కలకు అంటించే పల్చటి కాగితంలో చుట్టి దొరికింది. దొరికాక హుషారు పోయింది.

తలుపు గడియ వేసి, క్యాసెట్టు పెట్టి, ఈసారి టీవీ గొంతు పెంచి విన్నాను.

సిద్దయ్య చెబుతున్నాడు: "గీ చిలక గోడకు ఏలాడుతుండె. రోజూ దుమ్ము దులుపుదును. ఎవలో దించి ఎగిరేసిన్రు. నాకెట్ల ఎరికంటరా? ముక్కుల ఎర్రమట్టి ఉండె. తీగెల కొక్కేలు ఇంక అట్లనే తగిలిచ్చి ఉండె, ఉల్టా. మీది తీగె కిందికి, కింది తీగె మీదికి. పైకి లేపుదామని చెయ్యి గుంజుతే పోయి నేలకు గుద్దుకుంటది. నేర్చినోడు జెయ్యడు గా పని. నేర్వనోడు అసలు ఇంజనే చాలు జెయ్యలేడు. నేర్చుకుంటున్నోడు జేసిండు."

"ఎవరై ఉంటారంటారు?" అని అడిగింది యాంకర్.

ఆయన ఆమె వైపు చూడలేదు. నేరుగా కెమెరాలోకి చూశాడు. "టీవీ సూస్తనే ఉంటడు."

కట్టేశాను. మూడుసార్లు కట్టిన గ్యాసు, మూడుసార్లు లాగి చూసిన తలుపు గడియ గుర్తొచ్చాయి. మూడు నెలలుగా ఏ అలవాటును చూసి మురిసిపోయానో, అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు అడగాలి.

ఆ రాత్రి అన్నం వడ్డించి అడిగాను. "ఏవండీ, మీది తీగ కిందికి తగిలిస్తే ఏమవుతుంది?"

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, నా ఎదుట నేల మీద కూర్చుని చెప్పాడు.

అప్పుడు ఆయనకు పంతొమ్మిదేళ్లు. చిలకను ఒక్కసారి ఎగరేయాలని ఉండేది. ఎవరూ ఎగరేయకూడదన్న తీర్మానం వల్ల ఆ కోరిక ఇంకా పెరిగింది. ఒక బుధవారం మధ్యాహ్నం సిద్దయ్య అన్నానికి వెళ్తుంటే, తన పుస్తకం షెడ్డులో మర్చిపోయానని చెప్పి తాళంచెవి అడిగాడు. ఆయన మొలతాడు విప్పి ఇచ్చాడు. గొర్రెలు కాసుకుంటున్న ఒకాయన్ని బతిమాలి విమానం పట్టుకోమన్నాడు. సిద్దయ్య తిరిగి వచ్చేలోపు అయిపోవాలన్న తొందరలో తీగలు చూసుకోలేదు. పిడి పైకి వంచాడు. చిలక ముక్కు కిందికి పెట్టి నేలలోకి దిగింది.

"ముక్కలన్నీ ఎరువుల సంచీలో వేసి షెడ్డులో కట్టెపేళ్ల సంచుల వెనక దాచాను. రాత్రికి అతికిద్దామనుకున్నాను. మర్నాడే కమిటీ వాళ్లు వచ్చారు."

"చెప్పలేదా?"

"చెబుదామనుకునేలోపు వీరభద్రం గారు అరవడం మొదలుపెట్టారు. సిద్దయ్య పనిముట్ల సంచీ గేటు దగ్గర కుమ్మరించమన్నారు. వెతికింది బాలేష్. నన్ను సంచీ మూతి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను."

"సిద్దయ్యకు మీ మీద అనుమానం రాలేదా?"

"తాళం ఇంకా చాలామందికి ఇచ్చేవాడు దివ్యా. మంచివాడు. అడిగితే కాదనడు. చివరికి, ఆ కట్టెపేళ్ల సంచులు ఇంట్లో పొయ్యిలోకి తీసుకుపొమ్మని ఆయనతో అన్నారు. వాటిలో అది కూడా పోయి ఉంటుంది."

నేను ఏడవలేదు. ఆయన ఏడుస్తాడేమోనని చూశాను, ఏడవలేదు. అందుకు ఇంకా అనుమానమేసింది. ఈ మనిషి చెప్పేది మొత్తం నిజమేనా? సగమా? నాకు తెలిసిన సుధీర్, గేటు దగ్గర సంచీ మూతి పట్టుకున్న సుధీర్, ఇద్దరూ ఒకరేనని ఒప్పుకోవడానికి ఆ రాత్రి సరిపోలేదు.

"ఆదివారం సంతకం పెడతారా?" అని మాత్రం అడిగాను.

"పెట్టకపోతే ఎందుకని అడుగుతారు."

"పెడితే ముసలాయన్ని స్టేషన్‌కు లాక్కెళ్తారు."

గురు, శుక్రవారాలు మా ఇద్దరి మధ్యా ఉప్పు, కూర, తువ్వాలు అన్న మాటలే నడిచాయి. శనివారం పొద్దున ఆయనే స్కూటరు తీసి, "యాప్రాల్ వస్తావా?" అన్నాడు. వెళ్లాను.

అల్వాల్ దాటి, లోతుకుంట దాటి, అడుగుతూ అడుగుతూ చేరేసరికి పదకొండయింది. టీవీలో చూసిన వరండానే. ఒకామె చేటలో చింతపండు గింజలు తీస్తోంది. సిద్దయ్య భార్య బాలనర్సమ్మ.

"ఎవలు గావాలె?"

సుధీర్ క్లబ్బు పేరు చెప్పాడు. ఆమె చేట కింద పెట్టింది. "అచ్చిన్రా. వారం సంది సూస్తున్న ఎప్పుడొస్తరా అని. పోలీసులేరీ? బయట నిలబెట్టిన్రా?"

"లేదమ్మా, మేమే వచ్చాం," అన్నాను.

ఆమె నా పసుపుతాడు, మట్టెలు, కొత్త చీర వరసగా చూసింది. "పెండ్లాన్ని గూడ తోలుకొచ్చిండు. ఆడిమనిషి ఉంటె తిట్టరని."

లోపల్నుంచి సిద్దయ్య వచ్చాడు. టీవీలో కన్నా పొట్టిగా ఉన్నాడు. సుధీర్ నిలబడే చెప్పేశాడు, గబగబా, మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనన్నట్టు. పుస్తకం, తాళంచెవి, బుధవారం, తీగలు, సంచీ.

సిద్దయ్య అంతా విన్నాడు. తర్వాత, "ఎవలు పంపిన్రు నిన్ను?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు సిద్దయ్యా."

"సెక్రెట్రీ సాబ్ పంపిండు. నేను టీవీల జెప్పిన మాట ఆయనకు తగిలింది. నిన్ను ముందల వెట్టి తను తప్పించుకుంటుండు. నాకు తెల్వదనుకున్నవా? చిలక మీద ఆయనకే కన్నుండె. దినాం వచ్చి దాని కింద నిలబడేటోడు."

"కాదు, నేనే."

"సెక్రెట్రీ సాబ్ అల్లుని కంపెనీలనా నీ కొలువు? గందుకే ఇట్ల జెప్తున్నవా?"

ఒప్పుకోవడానికి ఇంత కష్టపడి వచ్చిన మనిషిని ఎదుటివాడు నమ్మకపోతే ఏం చేయాలో సుధీర్‌కు తెలియలేదు. నాకూ తెలియలేదు. లోపల బల్ల మీద చిలక కనిపిస్తోంది, ఆకుపచ్చగా మెరుస్తూ. దాన్ని చూడకుండా ఉండలేకపోయాను. అంత ముచ్చటగా ఉంది.

"సరే," అన్నాడు సిద్దయ్య. "సంచిల ఏమేం ఏసినవో చెప్పు."

"బాడీ మూడు ముక్కలు. ఎడమ రెక్క రెండుగా విరిగింది. కుడి రెక్క బాగానే ఉంది, కాగితం చినిగిందంతే. ఇంజను నా చేతిరుమాల్లో చుట్టాను. తోక. ఒక చక్రం."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. రెండోది ఊడి దొర్లింది. గొర్రెలాయన కుక్క నోట కరచుకుని పారిపోయింది. చెరువు కట్ట దాకా వెంటపడ్డాను. దొరకలేదు."

బాలనర్సమ్మ చేతిలోని చింతగింజ కింద పడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆపుకుందామనుకుంది గానీ భుజాలు ఊగిపోయాయి. "కుక్క ఎత్కపోయిందా? పదకొండేండ్ల సంది నన్ను సతాయిస్తుండు. 'పొయ్యిల వెట్టినవానే, చక్రం పొయ్యిల వెట్టినవానే' అని. సంచి పొయ్యికాడ కుమ్మరిచ్చింది నేనే గదా. ఎన్ని ఒట్లు వెట్టిన. నమ్మలే ఈ ముసలోడు."

సిద్దయ్య నవ్వలేదు. ఆమె వైపు ఒకసారి, సుధీర్ వైపు ఒకసారి చూసి, వరండా అరుగు మీద కూర్చున్నాడు.

"సెక్రెట్రీ అనుకున్న," అన్నాడు చివరికి. "పదకొండేండ్లు ఆయన్నే తిట్టుకున్న. గా తిట్లన్ని ఇగ ఎవలకు మళ్లియ్యాలె?"

"నాకే," అన్నాడు సుధీర్.

"నీకు సరిపోవు. నువ్వు పోరగానివి అప్పుడు." లోపల బల్ల వైపు చూశాడు. "సంచిల ముక్కలు చూసిన నాడే తెచ్చిద్దామనుకున్న. తెస్తే, దొరికినంక తెచ్చిండు అంటరు. దాచుకుంటే దొంగనే. ఏం జెయ్యాలె? కూసోని అతికిచ్చిన. ఒక్కొక్క ఏడు ఒక్కొక్క ముక్క. అయినంక టీవీ పిల్లను నేనే పిలిపిచ్చిన. దొంగైతే దాసుకుంటడు, నేను లోకానికంతటికి చూపిచ్చిన."

"నన్ను క్షమించమని..."

"నాకెందుకు జెప్తున్నవ్? నేను తియ్యలేదని నాకు ఎరికే. ఎరిక లేనోళ్లకు పోయి జెప్పు."

మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించారు. ఇవ్వాలని నేనూ అనుకోలేదు.

ఆదివారం గ్రౌండ్‌లో వీరభద్రం గారు కాగితాన్ని కారు బానెట్ మీద పరిచి, ఎగిరిపోకుండా ఇంధనం సీసా బరువు పెట్టారు. బాలేష్ అప్పటికే సంతకం చేశాడు. పెన్ను సుధీర్‌కు ఇచ్చారు. ఆయన పెన్ను తీసుకోలేదు. నిన్న యాప్రాల్‌లో చెప్పినంత గబగబా కాదు, ఈసారి నెమ్మదిగా చెప్పాడు. గేటు దగ్గర సంచీ మూతి పట్టుకున్న సంగతి కూడా చెప్పాడు. అది అక్కడున్న ఇద్దరికీ తెలిసిందే, అయినా చెప్పాడు.

వీరభద్రం గారు ముందు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, ఇది నీ పనేనా? ముసలాడి మీద జాలిపడి మొగుడి చేత ఇలా చెప్పిస్తున్నావా?"

"లేదండీ. క్యాసెట్టు మా ఇంట్లోనే ఉంది. నేను దాని మీద ఏ సీరియలూ రికార్డు చేయలేదు. వచ్చి వినండి. ఆరోజు మీరెవరూ ఆయన మాటలు వినలేదు. చక్రాలు చూశారు."

బాలేష్ నేల మీద కూర్చుండిపోయాడు. "నా చేతులతోని ఆయన సంచి కుమ్మరిచ్చిన," అన్నాడు. "ఉలులు, రందాలు. చిత్రిక వట్టే రందా పలిగిపోయింది ఆ రోజు. ఒక్క మాట అనలే ఆయన." తర్వాత సుధీర్ వైపు చూడకుండానే, "నువ్వు మూతి పట్టుకున్నవురా. నా కండ్ల ముందలనే ఉంది" అన్నాడు.

వీరభద్రం గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. చింపలేదు. "నేను విచారించుకోవాలి," అన్నారు. "అప్పుడు నన్ను నమ్మించారు, ఇప్పుడు ఇంకోటి నమ్మమంటున్నారు." ఆ వారమంతా ఆయన మా ఇంటికి ఫోన్ చేయలేదు. బుధవారం సాయంత్రం బాలేష్ ఆయన్ని తన ట్రాలీ ఆటోలో కూర్చోబెట్టుకుని యాప్రాల్ తీసుకెళ్లాడని తర్వాత తెలిసింది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే బాలేష్, "చాయ్ తాగినం" అన్నాడు.

తర్వాతి ఆదివారం ట్రాలీ ఆటో శామీర్‌పేట గ్రౌండ్‌లోకి వచ్చింది. వెనక పాత చీరలు పరిచి, వాటి మీద చెక్కపెట్టె. పెట్టె మీద చెయ్యి వేసుకుని సిద్దయ్య, పక్కన బాలనర్సమ్మ. వీరభద్రం గారు ఎదురెళ్లి పెట్టె దించడానికి చెయ్యి వేయబోయారు. "ఉండనీ సార్, నాకలవాటే," అని సిద్దయ్య తనే దించుకున్నాడు.

సున్నంతో పెద్ద గుండ్రం గీశాడు. తీగలు పరిచాడు. కొక్కేలు తగిలించేటప్పుడు మా అందరికీ వీపు పెట్టి వంగి కూర్చున్నాడు, ఎవరికీ కనపడకుండా. పిడిని ఆడించి తోక చూసుకున్నాడు. వీరభద్రం గారు గొంతు సవరించుకుని, "నేను ఎగరేయనా సిద్దయ్యా? నీకు ఎగరేసి అలవాటు..." అన్నారు. క్లబ్బులో ఎగరేసేది సభ్యులే. సిద్దయ్య ఇరవై ఏళ్లు ఇంధనం కలిపాడు, విరిగినవి అతికించాడు, పిడి ఎవరూ ఇవ్వలేదు.

"సూసి సూసి నేర్చిన సార్. ఇయ్యాల నేనే."

విమానం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. సుధీర్ రెండడుగులు ముందుకు వేశాడు. సిద్దయ్య చెయ్యెత్తి ఆపాడు. "నువ్వు గీత బయట." తర్వాత చుట్టూ చూసి నన్ను పిలిచాడు. "నువ్వు రా బిడ్డా. చెప్పులిడిసి రా."

చెప్పులు విడిచి వెళ్లాను. ఎలా పట్టుకోవాలో చూపించాడు, నేను పట్టుకున్నాక వేళ్లు ఒక్కొక్కటీ సరిచేశాడు, ఆపైన కూడా నమ్మకం లేనట్టు చూశాడు. ప్రొపెల్లర్‌ను వేలితో తిప్పాడు. నాలుగోసారికి ఇంజను అందుకుంది. ఆయన నడుమకు నడిచి, పిడి పట్టుకుని, తల ఊపాడు.

వదిలాను.

చిలక గడ్డి మీద దొర్లింది, ఎగిరింది. సిద్దయ్య దాంతోపాటు తిరిగాడు, పంచె మోకాళ్లకు చుట్టుకుంటూ. రెండో చుట్టులో కొంచెం తూలాడు. బాలనర్సమ్మ, "మెల్లగ ముసలోడా" అంది. తూలడం ఆగింది. పన్నెండు చుట్లు లెక్కపెట్టాను. ఇంధనం అయిపోయి ఇంజను ఆగాక మెత్తగా దింపాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఈసారి నేనూ కొట్టలేదు.

పెట్టెలో పెట్టి, తాళం వేసి, చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. వీరభద్రం గారు, "షెడ్డులో పెడదామా? మేకు ఇంకా ఉంది" అన్నారు.

"ఉండనీ మేకు," అన్నాడు సిద్దయ్య. "మా ఇంట్లుంటది. చూడాలనిపిస్తే రా సార్. చెప్పి రా."

ఆటో ఎక్కుతూ సుధీర్ వైపు చూశాడు. "వచ్చే ఐతారం నువ్వు గూడ రా. దూరం నిలబడు."

"వస్తాను," అన్నాడు సుధీర్.

తిరిగి వచ్చేటప్పుడు మేడ్చల్ దారి పట్టాం. నేను వెనక కూర్చుని ఆయన చొక్కా పట్టుకున్నాను, అంతకుముందు ఆదివారాల్లో పట్టుకున్నంత బిగువుగా కాదు. చెక్‌పోస్టు దగ్గర లారీల వెనక ఆగినప్పుడు తల కొంచెం పక్కకు తిప్పి అడిగాడు.

"ఇంజను నడుస్తుంటే చేతుల్లో ఎలా ఉంది?"

ఎలా చెప్పాలో ఆలోచించాను. వేళ్ల దగ్గర మొదలుపెట్టాను. ఆ వణుకు మోచేతుల దాకా ఎలా పాకిందో, రెక్క కాగితం కింద చెక్క ఎలా తెలిసిందో, లాక్కుపోతానని అది ఎంత గట్టిగా ముందుకు గుంజిందో. లారీలు కదిలాయి. గాలికి మాట వినపడక ఆయన స్కూటరు నెమ్మది చేశాడు. కొంపల్లి వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.